కబుర్లు లేని ఉత్తరం

నేరేడులంక,
7-7-1997

రాజమండ్రి 'ఏటిగట్టు' వారపత్రిక ఎడిటరు గారికి,

నేరేడులంక నుంచి మీ చందాదారు శ్యామలాంబ నమస్కరించి రాయునది. ఇక్కడ ఏరూ, మేమూ క్షేమం. అక్కడ మీరూ, మీ అచ్చు మిషనూ క్షేమమని తలుస్తాను.

మాది గోదారి మధ్యలో పిడికెడు ఊరు. ఇటొక పాయ, అటొక పాయ, మధ్యలో మేము. ఒక పడవ, ఒక బడి, ఒక గుడి, ఒక చర్చి, ఒక ప్రెసిడెంటు. ఎవరింట్లో తాలింపు వేస్తే ఎవరికి తుమ్ములొస్తాయో నేను మంచం మీంచే చెప్పగలను. అలాంటి ఊరి సంగతి పోయిన శుక్రవారం మీ పేపర్లో అచ్చయింది. 'ఏరు దాటిన ప్రెసిడెంటు గేదె' అట!

మా ప్రెసిడెంటు పల్లంరాజు గారి గేదె ఏరు ఈదుకుంటూ పోయి అవతలి ఒడ్డున అరటితోటలో పడిన మాట నిజం. తోటవాళ్ళు దాన్ని కట్టేసుకుంటే ఈయన గొడుగేసుకుని వెళ్ళి బతిమాలుకున్న మాటా నిజం. కాదని నేననడం లేదు. కానీ అది మా ఊరి నిజం. మా ఊరి నిజాన్ని ఏరు దాటించి మీకు చేరేసిందెవరు? కింద 'మా నేరేడులంక విలేకరి' అని వేశారు. మా ఊళ్ళో విలేకరి ఎవరండీ? నాకు తెలియకుండా ఇక్కడ కోడి గుడ్డు పెట్టదు, అలాంటిది ఒక విలేకరి ఎలా పుట్టుకొచ్చాడు? ఆ వేగు పేరు నాకు వెంటనే తెలియజేయవలెను.

పోయిన నెల మీ పేపరు తడిసి ముద్దయి వస్తోందని ఓపిగ్గా ఇంత పొడుగు ఉత్తరం రాశాను. దానికి జవాబు లేదు. గేదె మీదున్న శ్రద్ధ చందాదారు మీద లేదా?

చెప్పాల్సింది అయిపోయింది. అయినా కబుర్లు లేని ఉత్తరం చావు ఉత్తరంతో సమానమని మా అత్తగారు అనేవారు. మా వైపు చావు కబురు రాసే కార్డులోనే ఊరి సంగతులుండవు. అందుకని కరెంటాఫీసుకి రాసినా సరే, నాలుగు ముక్కలు ఊరి కబుర్లు రాయకుండా నేను కవరు మూయను.

రేవులో పడవ దిగే బల్ల విరిగింది. మా బడి మేష్టారు రమేష్ బాబు గారు దాని మీంచి జారి బురదలో కూర్చున్నారు. కూర్చుంటే కూర్చున్నారు, బల్ల బాగయ్యేదాకా బడికి రానని అవతలి ఒడ్డునుంచే కేకేసి వెళ్ళిపోయారు. పిల్లలు రోజూ పొద్దున్నే రేవుకెళ్ళి, బల్ల ఇంకా విరిగే ఉందని చూసుకుని, సంతోషంగా ఇంటికొస్తున్నారు.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క. సంపూర్ణమ్మ గారికీ ఆవిడ కోడలికీ మాటల్లేవు. ఇద్దరి మధ్యా తిట్లు మోసే పని కొడుక్కి పడింది. పాపం, ఇటునుంచి అటు తీసికెళ్ళేటప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాడని ఇద్దరూ వాడినే తిడుతున్నారు.


రాజమండ్రి,
14-7-1997

గౌరవనీయులైన శ్యామలాంబ గారికి,

'ఏటిగట్టు' డెస్కు నుంచి సబ్ ఎడిటర్ దుర్గాసాయి నమస్కారాలు. మా పాత ఇన్‌ఛార్జి గారు ఉద్యోగం మానేసి వెళ్తూ లంకల వార్తలన్నీ నాకు ఒప్పజెప్పారు. మీ ఉత్తరం చదివి మా డెస్కంతా నవ్వుకున్నాం. మీ ధైర్యానికీ, మీ జాగ్రత్తకీ కూడా జోహార్లు.

ఇక విలేకరి పేరు. క్షమించాలి, పేరు బయటపెట్టకపోవడం మా పత్రిక నియమం. లంకల్లో అయితే మరీను. తెలిసిందంటే మర్నాడు పడవ ఎక్కనివ్వరు. ఈ సంగతి మీకు నేను చెప్పాలా? ఇంతకీ ఆ పేరు మీకు తెలియనిది కాదు.

ఇలాగే రాస్తూ ఉండండి. స్టాంపులంటించిన కవర్లు కొన్ని జతచేస్తున్నాను.

భవదీయుడు,
దుర్గాసాయి

తా.క. బురదలో కూర్చున్నప్పుడు మేష్టారు గారు ప్యాంటులో ఉన్నారా, పంచెలో ఉన్నారా?


నేరేడులంక,
28-7-1997

దుర్గాసాయి గారికి,

శ్యామలాంబ నమస్కారాలు. వరద మొదలైంది, ఎర్రనీరు వచ్చింది. ఏరు ఉరుముతోంది, నేనూ అంతే.

ముందుగా, ప్యాంటే. గోధుమరంగుది. ఎందుకడిగారో తెలియదు గాని అడిగినదానికి జవాబు చెప్పడం మర్యాద. కవర్లకి సంతోషం. తిట్టించుకోవడానికి ఎదురు కవర్లు పంపే ఆఫీసుని నా జన్మలో చూడలేదు.

కానీ మీ వేగు గుండెలు తీసిన బంటండీ! 'బల్ల విరిగె, బడి మూసె' అని వేశారు చూడండి, అందులో ఉన్న ప్రతి ముక్కా నేను మీకు స్వయంగా రాసిందే. పిల్లలు పొద్దున్నే రేవుకెళ్ళి చూసుకోవడంతో సహా! అంటే ఏమిటి? నేను అరుగు మీద కూర్చుని ఉత్తరం రాస్తుంటే ఎవరో నా భుజం మీంచి చూసి, అదే టపాలో మీకు రాస్తున్నారన్నమాట. అందుకని ఈ ఉత్తరం వంటింట్లో, తలుపేసుకుని, పొగలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే అది నా కన్నీళ్ళు అనుకోకండి, పిడకల పొగ.

'మీకు తెలియనిది కాదు' అన్నారు. ఆ మాట పట్టుకుని నేను రెండు వారాలుగా ఊరంతా జల్లెడ పడుతున్నాను. సంపూర్ణమ్మ గారికి చదువు రాదు. మేష్టారు తాను బురదలో పడ్డానని తానే రాసుకోడు. పల్లంరాజు గారికి తన గురించి మంచి రాయించుకోవడమే చాతకాలేదు, చెడెందుకు రాస్తారు? ఇక మిగిలింది మా దడి అవతల సువార్తమ్మ. పడవ నడిపే ఏసుపాదం భార్య. ముప్పై ఏళ్ళుగా నన్ను 'అక్కగారండీ' అని పిలుస్తూ, దడి మీంచి నాకు గోంగూర అందిస్తూ, నా దగ్గర కరివేపాకు కోసుకెళ్ళే మనిషి. ఆవిణ్ణి అనుమానించాలంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా నిన్న ఆవిడ గోంగూర ఇస్తుంటే వేళ్ళకి సిరా ఉందేమోనని చూశాను.

మీ వార్త పడ్డాక ఒకటి మాత్రం జరిగింది. పల్లంరాజు గారు స్వయంగా సుత్తి పట్టుకుని రేవు బల్లకి మేకులు కొట్టారు. కొట్టినంతసేపూ మీ పేపరుని తిట్టారు. పిల్లలు రెండ్రోజులు అన్నం తినలేదు.

ఇక ఊరి కబుర్లు. ఇది మీలో ఉంచుకోండి. పల్లంరాజు గారింట్లో మంగళవారం పులస వండారు. పులసంటే తెలుసుగా, ఈ నెలల్లో ఆ చేప తిననివాడు గోదారివాడు కాదంటారు. తినేవాడు నలుగురికీ చెప్పుకుని తింటాడు, చుట్టాలకి గిన్నెల్లో పంపుతాడు. ఈయన తలుపులేసి, కిటికీలేసి, కుండ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి వండించారట. రాయి ఏంచేస్తుందండీ, వాసన రేవుదాకా వచ్చింది. మర్నాడు తింటేనే దానికి రుచి కనక రెండు రోజులూ ఇంట్లోవాళ్ళు గడప దాటలేదు. అడిగినవాళ్ళకి జ్వరాలని చెప్పారు. సువార్తమ్మ దడి మీంచి చెప్పింది, 'జ్వరమొచ్చిన ఇంట్లో అంతంత అన్నం వండుతారాండీ అక్కగారండీ' అని.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క. మీ ఉత్తరంలో ఒక్క కబురూ లేదేం? మీ అమ్మగారు ఎలా ఉన్నారు, ఏ ఊరు, ఏం కూర వండుకున్నారు, ఏమీ లేదు. చదవగానే ఎవరు పోయారా అని గుండె ఝల్లుమంది.


రాజమండ్రి,
4-8-1997

శ్యామలాంబ గారికి,

దుర్గాసాయి నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మా డెస్కులో పొట్టలు పట్టుకున్నాం. పులస మీద ఇంత గొప్ప ఐటమ్ మా పేపర్లో ఇంతవరకూ పడలేదు.

మీరు వేగు గురించి ఎంత కోపంగా రాస్తున్నారో, ఎందుకు రాస్తున్నారో నాకు బాగా అర్థమవుతోంది. టపా పడవలో వస్తుంది. రేవు దాటేలోపు ఎన్ని చేతులు మారుతుందో, ఎవరు తెరిచి చూస్తారో ఎవరికి తెలుసు? ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

మరీ పట్టుబట్టారు కనక ఒక్క ఆనవాలు చెబుతాను. మా విలేకరి ఇల్లు రేవుకి దగ్గర. కిటికీ తీస్తే పడవ కనపడుతుంది. ఇంతకన్నా అడగకండి, నాకు నవ్వాగడం లేదు.

భవదీయుడు,
దుర్గాసాయి

తా.క. పులస కుండ మీద పెట్టింది మామూలు రాయా, రుబ్బురోలు పొత్రమా?


నేరేడులంక,
18-8-1997

దుర్గాసాయి గారికి,

శ్యామలాంబ రాయునది. ఈసారి నమస్కారాలు కొంచెం తగ్గించాను, ఏమనుకోకండి.

పొత్రమే.

దొంగ దొరికాడు. మీరే పట్టించారు. 'టపా పడవలో వస్తుంది, ఎవరు తెరిచి చూస్తారో' అన్నారు చూడండి, ఆ ముక్క చదవగానే నా చేతిలో గరిటె జారిపోయింది. టపా సంచీ అవతలి ఒడ్డు పోస్టాఫీసు నుంచి తెచ్చేదెవరు? తీసికెళ్ళేదెవరు? ఏసుపాదం! రేవుకి దగ్గర ఇల్లు ఎవరిది? ఏసుపాదానిది. కిటికీ తీస్తే పడవ కనపడేది? వాళ్ళకీ కనపడుతుంది, నాకూ కనపడుతుంది, నేను కాను కదా! నేను రాసిన ఉత్తరం మధ్యలో తెరిచి, చదివి, అదే మీకు ఎక్కిస్తున్నాడు. అందుకే నా ముక్కలు నాకే పేపర్లో కనపడుతున్నాయి. ఇంతకాలం ఇది నాకు తట్టలేదంటే నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మీ పులస వార్త పడిన రోజు నుంచి ఇక్కడ నిప్పులు కురుస్తున్నాయి. పల్లంరాజు గారి చుట్టాలు పాలకొల్లు నుంచి ఒకరు, నర్సాపురం నుంచి ఒకరు పడవెక్కి దిగారు. జ్వరాలు చూడ్డానికొచ్చాం అని పళ్ళు కూడా తెచ్చారు. ఆయన బావమరిది భీమరాజు అయితే వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు, ఇంకో పులస పడేదాకా ఉంటానన్నాడు. ప్రెసిడెంటు గారు గుడి మైకులో చెప్పారు: 'మన ఊళ్ళో వేగులవాడు ఉన్నాడు. పట్టించినవాళ్ళకి సన్మానం.'

నాకు సన్మానాలు అక్కర్లేదు. అయినా నోరు ఊరుకోలేదు. ఏసుపాదం పేరు చెప్పాను. టపా సంచీ సంగతీ చెప్పాను.

వచ్చే నెల మొదటి ఆదివారం, చర్చి వదిలాక, రేవులో పంచాయితీ పెడతారట. ఏసుపాదం చేతిలోంచి పడవ తోసే గెడ తీసుకుని భీమరాజుకి ఇస్తారట. తాత నాటినుంచి వాళ్ళ ఇంట్లోనే ఉంది ఆ పడవ గెడ. ఏసుపాదం వచ్చి నా అరుగు ముందు నిలబడి, 'నేను మీ కవరు తెరిచానంటారాండీ?' అని అడిగాడు. 'తెరవలేదని చెప్పు' అన్నాను. నా మొహం చూసి, ఏదో చెప్పబోయి, మానేసి వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడి నడకలాగే అనిపించింది.

ఊరి కబుర్లు ఈసారి చిన్నవి. సంపూర్ణమ్మ గారూ కోడలూ కలిసిపోయారు. ఇద్దరూ కలిసి కొడుకుతో మాటలు మానేశారు. భీమరాజుకి పడవ నడపడం వచ్చా అని ఎవరూ అడగడం లేదు. ఆయన సైకిలు తొక్కినా కాలవలోకే పోతుందని వాళ్ళ అక్కగారే చెప్పింది.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క. ఈ కవరు అన్నం మెతుకులతో అంటించి, మీద తుమ్మజిగురు పూసి, సంతకం చేశాను. తెరవడానికి మీకే కష్టమైతే కత్తిపీట వాడండి.


రాజమండ్రి,
22-8-1997

శ్యామలాంబ గారికి,

దుర్గాసాయి నమస్కారాలు. కవరు తెరవడానికి మా ప్రెస్సులో పేపరు కోసే మిషను వాడాల్సి వచ్చింది. ఒక పేరా పోయింది, ఫరవాలేదు.

ఒక్క మాట, చిన్నవాణ్ణని కోప్పడకండి. మీ జాగ్రత్త నాకు తెలుసు. కానీ ఆ పడవ మనిషిని ఇందులోకి లాగడం నాకు నచ్చలేదు. అనుమానం మన మీదకి రాకుండా చూసుకోవడం వేరు, ఇంకొకరి మీదకి తోసెయ్యడం వేరు. ఆయన ఏ పాపమూ ఎరగడని మనిద్దరికీ తెలుసు కదా. ఎలాగైనా ఆ పంచాయితీ ఆపించండి.

భవదీయుడు,
దుర్గాసాయి

తా.క. భీమరాజు గారి సైకిలు వెయ్యమంటారా?


నేరేడులంక,
1-9-1997

దుర్గాసాయి గారికి,

శ్యామలాంబ రాయునది.

'మనిద్దరికీ తెలుసు' అని రాశారు. నాకేం తెలుసు? మీ మనిషిని మీరు కాపాడుకుంటున్నారని తెలుస్తోంది. అలా కాకపోతే ఒక్క ముక్క రాయండి. ఏసుపాదమా, కాదా? పంచాయితీ వచ్చే ఆదివారం.

సువార్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. తిట్టి మానేసినా బావుండేది. తిట్టలేదు. దడి దగ్గరికి రావడం లేదంతే. కరివేపాకు కోసుకోవడం లేదు. చెట్టు ఏపుగా పెరిగి నా వైపే వంగి చూస్తోంది. నేను చేసింది సరైనదే అయితే నాకు అన్నం ఎందుకు సయించడం లేదు?

ఇట్లు,
శ్యామలాంబ


రాజమండ్రి,
4-9-1997

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు తిరగేశాను. వెనక్కి తిప్పి చూశాను. కవరు దులిపాను. కబుర్లు లేవు, తా.క. లేదు! కబుర్లు లేనిది చావు ఉత్తరం అని మీరే రాశారు కదా. మొత్తం ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. అప్పుడు వెలిగింది. మీరు నటించడం లేదు! మీకు నిజంగానే తెలియదు!

అమ్మా, మా నేరేడులంక విలేకరి మీరే.

నేను ఈ సీట్లోకి వచ్చేసరికి సొరుగులో మీ ఉత్తరం ఉంది. పేపరు తడిసి వస్తోందని పైన, ప్రెసిడెంటు గారి గేదె సంగతి కింద. దాని మీద మా పాత ఇన్‌ఛార్జి గారు 'నేరేడులంక విలేకరి, భలే రాస్తారు' అని రాసిపెట్టారు. గేదె వార్త ఆయనే వేశారు. తర్వాత మీ ఉత్తరాలు నాకొచ్చాయి. పై సగం తిట్లు, కింది సగం వార్తలు. పడవలో ఎవరైనా తెరిచి చూస్తే దొరక్కుండా, తిట్లు పైన కప్పి వార్తలు కింద పెడుతున్నారనుకున్నాను. అబ్బ, ఏం తెలివిరా అనుకున్నాను. బల్లా, పులసా, అన్నీ మీ కబుర్లే. మీ కవరు ఎవ్వరూ తెరవలేదు. ఏసుపాదం గారు ఏమీ చెయ్యలేదు.

ఈ ఉత్తరం శనివారానికి అందేలా నేనే పోస్టులో వేస్తున్నాను. తప్పు నాది. ఊళ్ళో నన్ను తిట్టండి.

న్యాయంగా అయితే నేనే వచ్చి నలుగురిలో చెప్పాలి. రాలేను. మీరెప్పుడూ కబుర్లు లేవంటారు కదా, ఇదిగో నా కబురు. మాది కోటిలింగాల రేవు పక్కన ఇల్లు. కానీ నాకు నీళ్ళంటే చచ్చేంత భయం. పుష్కరాల్లో ఊరంతా మునిగితే మా అమ్మ చెంబుతో నా నెత్తిన పోసింది. పడవ పేరు చెబితే చెమటలు పడతాయి. లంకల పేజీ చూసేవాడు లంకలో కాలు పెట్టలేదని మా ఎడిటర్‌కి కూడా తెలియదు. దయచేసి ఇది ఎవరికీ చెప్పకండి.

మీ
దుర్గాసాయి

తా.క. మా అమ్మ ఇవాళ కందా బచ్చలి కూర వండింది.


నేరేడులంక,
8-9-1997

చిరంజీవి దుర్గాసాయికి,

శ్యామలాంబ దీవించి రాయునది. ఏరు తగ్గింది. నేనూ తగ్గాను.

ఇకమీదట నిన్ను నువ్వనే రాస్తాను. నా కొంప ముంచినవాణ్ణి మీరూ గారూ అనడానికి నా చేయి రావడం లేదు.

నీ ఉత్తరం శనివారమే అందింది. తెచ్చి ఇచ్చింది ఎవరనుకున్నావు? ఏసుపాదమే. మర్నాడు గెడ పోగొట్టుకోబోయే మనిషి, సంచీలోంచి జాగ్రత్తగా తీసి, తడి తగలకుండా తువ్వాలులో చుట్టి తెచ్చి అరుగు మీద పెట్టాడు. నేను లోపలికెళ్ళి చదివాను. చదివి అలాగే పీట మీద కూర్చుండిపోయాను. పక్కనే పొయ్యి వెలుగుతోంది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం పొయ్యి వైపు చూశాను. అందులో పడేస్తే ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. నా పరువు నా దగ్గరే ఉంటుంది. కానీ అతను తువ్వాలులో చుట్టి తెచ్చాడయ్యా. ఆ తువ్వాలు మడత గుర్తొచ్చి చేయి కదల్లేదు.

ఆదివారం చర్చి వదిలాక అందరూ రేవులో చేరారు. ఏసుపాదం గెడ నేల మీద పెట్టాడు. సువార్తమ్మ తల వంచుకు నిలబడింది. పల్లంరాజు గారు 'ముందు మా భీమరాజు ఓ చుట్టు తిప్పి చూపిస్తాడు' అని తానే దర్జాగా పడవెక్కి కూర్చున్నారు. భీమరాజు గెడ వేశాడు. పడవ కదిలింది. కదిలి, ఉన్నచోటే తిరిగింది. ప్రెసిడెంటు గారు ఒకసారి మా వైపు, ఒకసారి అవతలి ఒడ్డు వైపు, మళ్ళీ మా వైపు కనిపించారు. అలా తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి ఏటి మధ్య ఇసుకమేట మీద కూర్చుంది పడవ. ఇటూ రాదు, అటూ పోదు.

నేను చెప్పాలనుకున్న మాట చెప్పడానికి ఇదే మంచి సమయమనిపించింది. పల్లంరాజు గారి కోపం ఏరు దాటి రావాలి కదా.

'వేగు ఏసుపాదం కాదు, నేనే' అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నీ ఉత్తరం పైకి చదివాను, నీ చివరి కబురు తప్ప. కరెంటాఫీసుకి కూడా ఊరి కబుర్లు రాసే అలవాటు నాదనీ, మా అత్తగారి మాట పట్టుకుని ఊరి గుట్టంతా కవర్లో పెట్టి పంపానని చెప్పాను. నిరపరాధిని నలుగురిలో నిలబెట్టాను, నన్ను క్షమించు ఏసుపాదం అన్నాను.

ఏటి మధ్యనుంచి 'ఏంటి? ఏమందావిడ?' అని ప్రెసిడెంటు గారి కేక ఒక్కటే వినపడింది.

ఏసుపాదం తల గోక్కుని, 'మాకు తెలుసండి' అన్నాడు.

'తెలుసా? తెలిసి మరి నోరు మూసుకున్నావా? గెడ పోతుంటే చూస్తూ నిలబడ్డావా?'

'మరేం చెయ్యమంటారండి? అమ్మగారే రాస్తున్నారని నలుగురిలో అంటే మీ పరువేం కావాలండి? గెడ పోతే అవతలి ఒడ్డున ఏదో పని చూసుకుందుం. మీరు తలెత్తుకోలేకపోతే మా ఆవిడ దడి దగ్గర ఎవరితో మాట్లాడుద్దండి?'

దుర్గాసాయీ, నాకప్పుడు ఏడుపొచ్చింది. ఈసారి పిడకల పొగ కాదు.

అప్పుడు సువార్తమ్మ ముందుకొచ్చింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూద్దును కదా, నవ్వాపుకుంటోంది!

'అక్కగారండీ, తప్పు సగం నాదండి. ప్రెసిడెంటు గారి గేదె సంగతి ఎవరు చెప్పారండి మీకు?'

'నువ్వే. దడి మీంచి.'

'అది పేపర్లో పడింది. పడగానే నాకు అనుమానం వచ్చిందండి, నేను మీకొక్కరికే చెప్పాను గదా అని. సరే చూద్దామని రేవు బల్ల సంగతి చెప్పానండి. ఏడాదిగా ఊగుతోందండి ఆ బల్ల, మా ఆయన పంచాయితీ చుట్టూ ఎంత తిరిగినా విరిగేదాకా బాగవలేదండి. మీకు చెప్పిన మూడో వారానికి ప్రెసిడెంటు గారే వచ్చి మేకులు కొట్టారు. ఇంకేముందండి, మీకు చెబితే పనులైపోతాయని తెలిసిపోయింది.'

'మరి పులస?'

'పులస సంగతి మాత్రం ఊరికినేనండి. వాసన తట్టుకోలేక చెప్పాను.'

చూశావా? మొదటినుంచీ నా ఊళ్ళో వేగు ఉందన్నానా లేదా? మా దడి అవతలే ఉందన్నానా లేదా? వేళ్ళకి సిరా ఉందేమోనని కూడా చూశాను. సిరా నా వేళ్ళకి ఉంది, మాట ఆవిడ నోట్లో ఉంది. అందుకే ఆవిడ దడి దగ్గరికి రావడం మానేసరికి నా ఉత్తరంలో కబుర్లు లేకుండా పోయాయి. నాకు అప్పటికైనా తట్టాల్సింది.

తర్వాత ఏసుపాదం నడుం లోతు నీళ్ళలోకి దిగి, పడవని ఇసుక మీంచి తోసి, బావా బావమరుదులిద్దర్నీ ఒడ్డుకి తెచ్చాడు. పల్లంరాజు గారు దిగీదిగగానే గెడ తీసి తానే ఏసుపాదం చేతిలో పెట్టారు. తిరిగి తిరిగి ఉన్నారేమో, పెట్టడం మొదట సంపూర్ణమ్మ గారి చేతిలో పెట్టబోయారు. నన్నేమీ అనలేదు. 'అమ్మగారూ, ఈ ఇసుకమేట సంగతి మాత్రం...' అని చేతులు జోడించారు. నేను ఆలోచిస్తానన్నాను.

సువార్తమ్మ ఈ పొద్దున కరివేపాకు కోసుకుంది. చెట్టు సగం ఖాళీ చేసింది. ఎందుకంత అంటే, 'వారాల బాకీ అండి' అంది.

ఇట్లు,
నీ నేరేడులంక విలేకరి,
శ్యామలాంబ

తా.క. ఇకనుంచి కింద 'మా విలేకరి' అని వెయ్యకు. ఇద్దరం ఉన్నాం. దడికి ఇటొకరు, అటొకరు.

మరో తా.క. ఈ వారం ఊరి కబుర్లు. ఇసుకమేట సంగతి పైన రాశాను, చేతులు జోడించారు కనక భీమరాజు సైకిలు వదిలేసి అదొక్కటే వెయ్యి. రెండోది మొదటి పేజీలో వెయ్యాలి: 'రాజమండ్రిలో కోటిలింగాల రేవు పక్కన పుట్టిన ఒక సబ్ ఎడిటరు గారికి గోదారంటే భయమట.' ఎవరికీ చెప్పవద్దన్నావు, నేను చెప్పలేదు. సువార్తమ్మతో అన్నానంతే. వెయ్యకుండా ఉండాలంటే ఒకటే దారి. వచ్చే ఆదివారం ఏసుపాదం అవతలి రేవులో పడవ పెట్టుకుని నీకోసం చూస్తూ ఉంటాడు. కళ్ళు మూసుకుని ఎక్కితే చాలంటున్నాడు, మిగతాది తను చూసుకుంటాడట. మీ అమ్మగారినీ తీసుకురా. పులస దొరికింది. తలుపులు తీసే వండుతాం.